బండి సరే, రాత్రిపూట బ్యాటరీ ఎక్కడుంటుంది? విశాఖలో ఈవీ కొనేవాళ్లకు ఒక లెక్క

మా బావమరిది ఇల్లు గాజువాక, ఉద్యోగం మధురవాడ. రానూ పోనూ యాభై కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చు భరించలేక ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామని ఒకే రోజు మూడు షోరూములు తిరిగి, రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు.

"బావా, ఒకడు ఎల్‌ఎఫ్‌పీ అయితే అంటుకోదంటాడు. ఇంకొకడు ఎన్‌ఎంసీలో ఉన్న పికప్ దేంట్లోనూ లేదంటాడు. మూడోవాడు బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి పట్టుకుపోవచ్చు, హాయి అంటాడు. మీ చెల్లెలేమో అవి పేలిపోతాయి, అసలు వద్దంటోంది. ఏం చెయ్యమంటావు?"

"రాత్రి ఎక్కడ ఛార్జింగ్ పెడతావురా?" అన్నాను.

కాసేపు మాట లేదు. "అది ఇంకా ఆలోచించలేదు."

ఈ ఊళ్లో ఈవీ కొనడానికి బయల్దేరిన చాలామంది పరిస్థితి ఇదే. (ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ అన్నవి లిథియం బ్యాటరీల్లో రెండు రకాలు, వాటి సంగతి కింద చెబుతాను.) రంగు చూస్తారు, స్క్రీన్ చూస్తారు, ఒక్క ఛార్జింగ్‌కి ఎంత దూరం వస్తుందో అడుగుతారు. బ్యాటరీ రోజుకి మూడు నాలుగు గంటలు, అదీ మనం నిద్రలో ఉన్నప్పుడు, కరెంటు తాగుతూ ఉంటుంది. ఆ చోటు ఏదో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

## ముందు ఏవి చూడాలి

నా వరుస ఇది: ఛార్జింగ్ చోటు, రోజువారీ దూరం, ఉప్పు గాలీ వాననీళ్లూ, ఎన్నేళ్లు ఉంచుకుంటారు. ధర ఆ తర్వాతే.

ఛార్జింగ్ చోటు అంటే ప్లగ్గు ఒక్కటే కాదు. అక్కడ మంట లేస్తే మీరు బయటికి రాగలరా అన్నది కూడా. 2022లో మన తెలుగు ఊళ్లలో జరిగినవి ఒకసారి గుర్తు చేసుకోండి. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో హాల్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. కొద్ది రోజులకే విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన పోయాడు. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింది భాగంలో ఉన్న ఈ-బైకుల షోరూంలో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు ఎక్కి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. మూడుచోట్లా మనుషులు లోపల ఉన్నారు, బ్యాటరీ కూడా లోపలే ఉంది.

దూరం విషయంలో జనం అనవసరంగా కంగారు పడతారు. స్కూటర్ కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు తాగుతుంది. మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు. మా వాడి యాభై కిలోమీటర్లకు యూనిట్‌న్నర చాలు. మూడు యూనిట్ల బ్యాటరీ ఉంటే రోజు గడిచాక కూడా సగం మిగులుతుంది. సింహాచలం కొండో, కైలాసగిరో ఎక్కే రోజున కాస్త ఎక్కువ లాగుతుంది, అంతే.

## అసలు ఎందుకు అంటుకుంటుంది

దీన్ని విశాఖవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం తేలిక, ఆ తేలికే బాధ కూడా. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో ఏం జరిగింది? ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం వేడెక్కింది. వేడికి దానిలో రసాయన చర్య మొదలైంది. ఆ చర్య ఇంకా వేడి పుట్టించింది, ఆ వేడికి చర్య మరింత జోరందుకుంది. చల్లబరిచే ఏర్పాటు దాన్ని అందుకోలేకపోయింది. లిథియం సెల్ లోపల జరిగేదీ అచ్చం ఈ వరసే. ఎక్కడో షార్ట్ అవుతుంది, లేదా అతిగా ఛార్జింగ్ ఎక్కుతుంది, లేదా దెబ్బ తగులుతుంది. సెల్ వేడెక్కుతుంది. ఒక హద్దు దాటాక బయట నుంచి వేడి అందాల్సిన పనిలేదు, తన వేడితో తానే రగులుతుంది. పక్క సెల్‌కి అంటిస్తుంది. ఇంగ్లీషు మాటనే తీసుకుని మనవాళ్లు థర్మల్ రన్‌అవే అంటున్నారు.

ఈ హద్దు ఎంత అన్నది సెల్ లోపలి రసాయనాన్ని బట్టి ఉంటుంది. ఎల్‌ఎఫ్‌పీలో లిథియంతో పాటు ఇనుము, ఫాస్ఫేటు ఉంటాయి. ఎన్‌ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్. ఎన్‌ఎంసీ పదార్థం వేడికి విడిపోయినప్పుడు ఆక్సిజన్ వదులుతుంది, అంటే మంటకు గాలి లోపల నుంచే అందుతుంది. ఫాస్ఫేటు ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

| చూడాల్సింది | ఎల్‌ఎఫ్‌పీ | ఎన్‌ఎంసీ | లెడ్ యాసిడ్ |
|---|---|---|---|
| కిలో సెల్‌లో పట్టే కరెంటు (వాట్ అవర్లు) | 90–160 | 150–250 | 30–40 |
| అదుపు తప్పే వేడి | దాదాపు 270 డిగ్రీలు | దాదాపు 210 డిగ్రీలు | ఈ తరహా మంట ఉండదు. హైడ్రోజన్ వాయువుతోనే జాగ్రత్త |
| ఎన్నిసార్లు పూర్తిగా ఛార్జ్ చేయొచ్చు | 2,000 పైనే | 1,000 చుట్టూ, ఆపైన | 300–500 |
| రోజూ ఎంతవరకు ఎక్కించాలి | వారానికోసారి నూరు శాతం | 80–90 చాలు | ఎప్పుడూ నిండుగా |
| ఎవరికి | ఒకే బండి ఏళ్ల తరబడి వాడేవాళ్లకు | తేలికైన బండి, పికప్ కావాల్సినవాళ్లకు | వీధి చివరి దాకా వెళ్లొచ్చేవాళ్లకు |

ఈ అంకెలు సెల్‌కి సంబంధించినవి. సెల్స్‌ని పేర్చి, డబ్బాలో పెట్టి, బీఎంఎస్ అనే కాపలా బోర్డు తగిలించాక అసలు బ్యాటరీ అవుతుంది. చెత్తగా కట్టిన ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్ కన్నా శ్రద్ధగా కట్టిన ఎన్‌ఎంసీ ప్యాక్ నయం. షోరూంవాడు ఈ ముక్క చెప్పడు.

## ఎల్‌ఎఫ్‌పీ: నా ఓటు దీనికే, కాకపోతే

"అంటుకోదు" అన్న మాట అబద్ధం. ఆలస్యంగా అంటుకుంటుంది, తక్కువ వేడితో మండుతుంది అంటే నిజం. ఒకవేళ సెల్ పగిలి వాయువులు వదిలితే వాటిలో హైడ్రోజన్ వాటా ఎక్కువ. కిటికీలు మూసిన గదిలో అది చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి ఎల్‌ఎఫ్‌పీ అని ధైర్యం చేసి మంచం పక్కన పెట్టుకోవద్దు.

మిగతా విషయాల్లో ఇది మన ఊరికి అతికినట్టు సరిపోతుంది. దీని పెద్ద లోపం చలి. సున్నా డిగ్రీల దగ్గర ఛార్జింగ్ సరిగ్గా తీసుకోదు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున ఛార్జింగ్ పెడితే తప్ప మనకు ఆ బెంగ లేదు. వేడినీ, రోజువారీ వాడకాన్నీ బాగా ఓర్చుకుంటుంది. 2,000 సార్లు అంటే, ఛార్జింగ్‌కి వంద కిలోమీటర్ల లెక్కన రెండు లక్షల కిలోమీటర్లు. అంతకన్నా ముందే బండి ప్లాస్టిక్కులు ఊడిపోతాయి.

బరువు ఎక్కువ. అదే మూడు యూనిట్లకు ఎన్‌ఎంసీ కన్నా కొన్ని కిలోలు అదనంగా మోయాలి. ఇంకో చిరాకు కూడా ఉంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజీ చాలాసేపు ఒకే గీత మీద ఉంటుంది, అందుకని ఎంత మిగిలిందో బండి సరిగ్గా పోల్చుకోలేదు. 22 శాతం చూపిస్తూ చూపిస్తూ గభాలున 9కి పడిపోతుంది. వారానికోసారి నిండా ఎక్కిస్తే లెక్క మళ్లీ దారిలో పడుతుంది.

కార్లలో టాటా నెక్సాన్ ఈవీ, బీవైడీ బ్లేడ్ బ్యాటరీ ఈ జాతివే. స్కూటర్లలో ఇప్పటికీ ఎన్‌ఎంసీదే ఎక్కువ జోరు. ఎల్‌ఎఫ్‌పీ కావాలంటే కాస్త వెతకాలి.

## ఎన్‌ఎంసీ: భయపడాల్సింది కాదు, నిర్లక్ష్యం చేయాల్సిందీ కాదు

ఏథర్ లాంటి పేరున్న స్కూటర్లు ఎన్‌ఎంసీ మీదే నడుస్తున్నాయి. హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడగానే ముందుకు దూకే బండి కావాలంటే ఇదే. చిన్న చోటులో ఎక్కువ కరెంటు పడుతుంది కాబట్టి సీటు కింద డిక్కీకి జాగా మిగులుతుంది. బరువు తక్కువ, అందుకే ఆడవాళ్లకూ పెద్దవాళ్లకూ స్టాండు వేయడం తేలిక.

దీనికి నచ్చనివి రెండు: వేడి, నిండు కడుపు. మండుటెండలో గాజువాక నుంచి వచ్చీ రాగానే ప్లగ్గు గుచ్చకండి. అరగంట ఆగండి, కాళ్లు కడుక్కుని టీ తాగాక పెట్టొచ్చు. రోజూ 80 శాతం దగ్గర ఆపితే సెల్‌కి ఆయుష్షు పెరుగుతుంది. ప్రమాదం జరిగినా సగం నిండిన బ్యాటరీ కన్నా పూర్తిగా నిండిన బ్యాటరీయే భీకరంగా మండుతుంది. ఊరెళ్లే రోజున మాత్రం నూరు చేసుకోండి.

కొత్త బండి అయితే ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణంలో సవరించిన నిబంధనల ప్రకారం వచ్చిందా అడగండి. 2022 మంటల తర్వాత కేంద్రం ఈ నిబంధనలను బిగించి, మొదటి దశను ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి, రెండో దశను 2023 మార్చి 31 నుంచి అమలు చేసింది. సెల్ ఎక్కడిదో ఆనవాలు దొరకాలి, లోపల ఒత్తిడి పెరిగితే వాయువు పోయే దారి ఉండాలి, ప్యాక్ వేడెక్కితే బండి మనల్ని హెచ్చరించాలి, నీళ్లు చొరబడకూడదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి ఎంత చవగ్గా వచ్చినా నేను ముట్టుకోను. ఎల్‌ఎఫ్‌పీ అయినా ఇదే మాట.

## ఊడదీసే బ్యాటరీ: హాయి ఎవరికి?

ఎల్‌ఎఫ్‌పీయా ఎన్‌ఎంసీయా అన్నది ఒక ప్రశ్న. బండికి బిగించి ఉందా, చేత్తో తీసేదా అన్నది వేరే ప్రశ్న. షోరూముల్లో ఈ రెండూ కలిపేసి చెబుతారు.

సీతమ్మధారలో లిఫ్టు లేని పాత అపార్టుమెంటు. మూడో అంతస్తు. కింద పార్కింగులో ప్లగ్గు పెట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోదు. ఇలాంటివాళ్లకు ఊడదీసే బ్యాటరీ తప్ప దారి లేదనిపిస్తుంది. ఒక్కోటి పది కిలోలు అటూ ఇటూ ఉంటుంది, కొన్ని బళ్లకు రెండు. రోజూ బియ్యం బస్తా మోసినట్టే. మోయడం సంగతి అలా ఉంచండి. ఆ బ్యాటరీ చేరేది హాల్లోకి, గుమ్మం పక్క ప్లగ్గు దగ్గరికి. మంట లేస్తే మనం పరిగెత్తాల్సింది కూడా ఆ గుమ్మంలోంచే. నిజామాబాద్, విజయవాడ ఘటనలు రెండూ ఇంట్లో పెట్టిన బ్యాటరీలతోనే అయ్యాయి.

తప్పనిసరైతే బాల్కనీలో, ఎండా వానా తగలని మూల, కర్టెన్లకూ గ్యాస్ సిలిండర్‌కూ దూరంగా, గచ్చు నేల మీద పెట్టండి. మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ చేయండి. పడుకునే ముందు తీసేయండి. ఇది కుదరకపోతే బండి ఆలోచన వాయిదా వేసుకుని ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి. "వాడి బండికి మా కరెంటు ఎందుకు?" అన్నదే అక్కడ అసలు గొడవ. మీ మీటరు నుంచి విడిగా లైను లాక్కుంటానంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

బ్యాటరీ స్వాపింగ్ వేరు. అయిపోయిన బ్యాటరీ స్టేషన్‌లో ఇచ్చి నిండింది తీసుకోవడం. రోజుకి వంద, నూటయాభై కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాళ్లకు ఇదే సరి. ఛార్జింగ్ కోసం ఆగితే ఆర్డర్లు పోతాయి. బ్యాటరీ పాడైతే నష్టం కంపెనీది, ఇంట్లో ఛార్జింగ్ బెడద కూడా లేదు. మీరు తిరిగే దారిలో స్టేషన్ ఉందో లేదో చూసుకోండి. పది కిలోమీటర్లు పక్కకు పోయి మార్చుకోవడం దండగ.

## లెడ్ యాసిడ్: చవక అనుకుంటాం

గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ తరగతిలో లెడ్ యాసిడ్ బళ్లు తక్కువ ధరకే దొరుకుతాయి. 60 వోల్టుల బండి అంటే లోపల 12 వోల్టుల బ్యాటరీలు ఐదు ఉన్నట్టు. బరువు మోస్తూ, ఏడాదిన్నర రెండేళ్లకు అన్నీ మార్చుకుంటూ పోవాలి. ఆ మార్చే ఖర్చు కలిపితే చవక ఎక్కడికో పోతుంది. కుర్పాం మార్కెట్ నుంచి ఇంటికి సరుకు చేర్చుకునే చిన్న వ్యాపారికి, వీధి దాటని తాతగారికి పనికొస్తుంది. మిగతావాళ్లు వదిలేయండి.

దీనికన్నా ప్రమాదం ఇంకోటుంది. పాత లెడ్ యాసిడ్ తీసేసి, ఊరూ పేరూ లేని లిథియం ప్యాక్ లోకల్‌గా పెట్టించుకోవడం. ఛార్జర్ పాతది, ప్యాక్ కొత్తది, రెంటికీ పొంతన ఉండదు. ఇంత వ్యాసంలో నేను చేతులు జోడించి వద్దనేది ఇదొక్కటే.

## సముద్రం పక్కన ఉన్నాం కదా

బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో ఇనప గేటుకు రెండేళ్లకోసారి రంగు వేస్తారు. అదే గాలి ఛార్జింగ్ పిన్నులకూ తగులుతుంది. పచ్చగా చిలుం పట్టిన పిన్ను దగ్గర కరెంటుకు అడ్డు పెరిగి అక్కడే వేడెక్కుతుంది. ఎంవీపీ కాలనీ నుంచి భీమిలి దాకా తీరం పక్కన ఉండేవాళ్లు సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ కనెక్టర్లు చూడమని గట్టిగా చెప్పండి.

ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా నీరు లోపలికి పోకూడదు. అది మంచినీళ్లతో, కొత్త ప్యాక్ మీద చేసే పరీక్ష. ఉప్పునీళ్ల సంగతి వేరు. 2022లో ఇయాన్ తుఫాను తర్వాత అమెరికాలోని ఫ్లోరిడాలో ఉప్పునీట మునిగిన ఎలక్ట్రిక్ కార్లు రోజుల తర్వాత కూడా అంటుకున్నాయి. హుద్‌హుద్ చూసినవాళ్లం, ఇంకో తుఫాను రాదని అనుకోలేం. హెచ్చరిక రాగానే బండిని మెట్టకు చేర్చండి. నీట మునిగితే ఛార్జింగ్ పెట్టకండి, స్టార్ట్ చేయకండి, ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి సర్వీసు వాళ్లకు చెప్పండి.

బ్యాటరీ దగ్గర నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం లాంటి తీపి వాసన వచ్చినా, ప్యాక్ ఉబ్బినా, బుస్సుమన్నా దగ్గరికి పోయి చూడొద్దు. అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. మంట ఆరిందనుకున్నాక మళ్లీ లేస్తుంది, ఆ పొగ విషం.

## బ్యాటరీ కన్నా నన్ను భయపెట్టింది ప్లగ్గు

నా బండి కొన్న మొదటి నెలలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి వరండాలోకి కరెంటు లాక్కున్నాను. "ఏం కాదు సార్, నేనూ అలాగే వాడతాను" అన్నాడు ఎలక్ట్రీషియన్. మూడో వారం ఒక రాత్రి ప్లాస్టిక్ కాలిన వాసన. బాక్స్ నల్లగా కరిగి నేలకు అంటుకుపోయింది. బ్యాటరీ చల్లగానే ఉంది.

ఫోన్ ఛార్జర్ లాంటిది కాదిది, మూడు నాలుగు గంటలు ఆగకుండా లాగుతుంది. గీజర్‌కి పెట్టినట్టు పవర్ ప్లగ్గు, దానికి విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్చి), సరైన ఎర్తింగ్ కావాలి. పూర్ణా మార్కెట్ వైపు పాత ఇళ్లలో చాలావాటికి మూడో పిన్ను అలంకారమే. ముందు ఎర్తింగ్ చూపించుకోండి. బండితో వచ్చిన ఛార్జరే వాడండి.

## కొత్తవి వచ్చేదాకా ఆగాలా?

సోడియం అయాన్ బ్యాటరీలను చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లో ప్రకటించింది. మన సముద్రమంతా సోడియమే కాబట్టి ముడిసరుకు కొరత ఉండదు. పూర్తిగా ఖాళీ చేసి సున్నా వోల్టుల దగ్గర రవాణా చేయొచ్చు, అది పెద్ద భద్రత. కిలోకి పట్టే కరెంటులో ఎల్‌ఎఫ్‌పీ దరిదాపుల్లో ఉంది. మొదట ఆటోలకూ, చవక స్కూటర్లకూ, ఇళ్లలో ఇన్వర్టర్లకూ వస్తుందని నా అంచనా. మండే ద్రవం బదులు గట్టి పదార్థం వాడే సాలిడ్ స్టేట్ బ్యాటరీలు మన స్కూటర్ ధరకు దిగిరావడం ఇప్పట్లో జరిగే పని కాదు. మనవైపు అమరరాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్ ఫ్యాక్టరీకి 2023 మేలో పునాది వేశారు. సెల్ ఇక్కడే తయారైతే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

పెట్రోలుకు నెలకు మూడు వేలు పెడుతున్నవాళ్లు వీటికోసం ఆగక్కర్లేదు. వారానికోసారి బండి తీసేవాళ్లు ఆగినా పోయేదేం లేదు. వారంటీ మాత్రం చదవండి: ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు. ఈ మూడో అంకె కాగితం మీద లేకపోతే అది వారంటీ కాదు.

కారు కొనేవాళ్లకు ఒక్క మాట. ఊళ్లో తిరుగుడు, అప్పుడప్పుడు అరకు అయితే ఎల్‌ఎఫ్‌పీ చాలు. అరకు నుంచి దిగేటప్పుడు నూరు శాతం ఎక్కించుకుని బయల్దేరకండి. ఘాట్ దిగుతుంటే బ్రేకుల నుంచి తిరిగొచ్చే కరెంటుకు బ్యాటరీలో చోటుండాలి.

మా బావమరిదికి ఎల్‌ఎఫ్‌పీ, బిగించిన బ్యాటరీ, మూడు యూనిట్ల బండి చెప్పాను. మెట్ల కింద ప్లగ్గు పెట్టిస్తానన్నాడు. పై వాటాలో అద్దెకున్నవాళ్లకు దిగడానికి ఆ మెట్లొక్కటే దారి అని గుర్తు చేశాక, ప్రహరీ గోడ పక్కన రేకు వేయించి అక్కడ పెట్టించాడు. బండి ఇంకా బుక్ చేయలేదు, రంగు దగ్గర ఆగింది. ప్రస్తుతానికి ఆ ప్లగ్గుకు మా చెల్లెలు వెట్ గ్రైండర్ పెట్టి పిండి రుబ్బుతోంది.